రైతుకేం తెలుసన్న వాళ్లకు

ఉల్లి మీద ఏ సదస్సు జరిగినా ఒక ఉపన్యాసం తప్పకుండా వినిపిస్తుంది. మన రైతుకి ఉల్లిలో దిగుబడి రాకపోవడానికి కారణం మేలైన రకాల మీద అవగాహన లేకపోవడమేనట. పరిశోధనా స్థానాలు మంచి రకాలు ఎప్పుడో తయారుచేసి పెట్టాయట. వాటిని ఊరిదాకా చేర్చి, ఎలా వేయాలో నేర్పితే చాలట, ఎకరానికి వచ్చే గడ్డ దానంతట అదే పెరుగుతుందట. వేదిక మీదున్న వాళ్లూ కింద కూర్చున్న వాళ్లూ కలిసి తలలూపుతారు. పథకాల ముందుమాటల్లో ఇదే మాట. పత్రికల వ్యవసాయ పేజీల్లో ఇదే మాట. ఆఖరికి రైతు సంఘాల వినతిపత్రాల్లో కూడా ‘అవగాహన సదస్సులు పెట్టండి’ అని మనమే రాసుకుంటున్నాం.

ఈ వాదంలో కొంత నిజముంది. రకాన్ని బట్టి దిగుబడి మారుతుంది. పరిశోధనా స్థానాలు నిజంగానే మంచి పని చేశాయి, దాన్ని కాదనేవాణ్ణి కాదు. తప్పంతా పని పంచుకున్న తీరులో ఉంది. ఎంచడం శాస్త్రవేత్త వంతు, ఒప్పుకోవడం రైతు వంతు అని ఎవరు పంచారో తెలియదు గానీ, ఆ పంపకాన్ని అందరూ ఒప్పేసుకున్నారు. ఉల్లి రకాన్ని సన్నకారు రైతుతో కలిసి, అతని పొలంలో, అతనికి దొరికే తడులతో, గడ్డ పీకిన రోజుతో ఆగకుండా అమ్మిన రోజు దాకా చూసి ఎంచాలి. అలా ఎంచనంత కాలం ప్యాకెట్టు మీద మేలు రకమని ఎంత లావు అక్షరాలతో అచ్చేసినా రైతుకి దాంతో పనిలేదు.

మా పరిటాల నుంచి చూస్తే ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనబడుతుంది. మా ఊళ్ల మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి పుణెలో బయలుదేరి మచిలీపట్నంలో ఆగుతుంది. కేంద్ర ప్రభుత్వ ఉల్లి-వెల్లుల్లి పరిశోధనా సంచాలకాలయం పుణె జిల్లా రాజగురునగర్‌లో ఉంది. దారిలో సోలాపూర్ తగులుతుంది, దేశంలో పేరున్న ఉల్లి మార్కెట్లలో అదొకటి. ఇటొస్తే పటాన్‌చెరులో ఇక్రిశాట్ పరిశోధనా సంస్థ. తెలంగాణ సరిహద్దు దాటగానే గరికపాడులో కృషి విజ్ఞాన కేంద్రం. ఆపైన జగ్గయ్యపేట, నందిగామ, కంచికచర్ల, పరిటాల. పరిశోధన, పరీక్ష, విస్తరణ, మార్కెట్టు, దాదాపు అన్నీ ఒకే రోడ్డు మీద ఉన్నాయి. మహారాష్ట్ర ఉల్లి లారీలు ఈ రోడ్డు మీదే విజయవాడ పోతాయి. ఏ రకం ఏ నేలకి పనికొస్తుందన్న సమాచారం మాత్రం ఆ లారీల వెంట రాదు. మెట్ట కృష్ణాలో ఉల్లి పెద్ద పంట కాదన్నది నిజమే. ఇక్కడ పత్తీ మిర్చీ ఏలుతున్నాయి. ఉల్లి వేసేవాళ్లు చిన్న చెక్కల్లో, బోరు కింద వేస్తారు. అంచేతనే మా వైపు ఎవరూ వచ్చి రకాలు పరీక్షించరు. పంట పెద్దదైతేనే పరీక్ష పెడతామంటారు, పరీక్ష లేకుండా పంట ఎలా పెరుగుతుందో చెప్పరు.

ముందు ఈ ‘అవగాహన లేని రైతు’ సంగతి తేలుద్దాం. అతనెక్కడున్నాడో నాకు చూపించండి. నందిగామ డివిజన్‌లో మిర్చి వేసే ఏ కౌలు రైతునైనా పలకరించండి. తేజ సన్నంగా ఉంటుంది, ఘాటెక్కువ, ఎగుమతికి పోతుంది; బ్యాడిగి రకాల్లో రంగెక్కువ, ఘాటు తక్కువ; 334 కాయ తీరు వేరు, కొనేవాడు వేరు. ఇవన్నీ అతను చదివి చెప్పే మాటలు కావు. గుంటూరు యార్డులో రకం పేరు పలక్కుండా బేరం సాగదు. ఆ 334 మరెక్కడిదో కాదు, గుంటూరు పక్కనే ఉన్న లాం పరిశోధనా స్థానంలో పుట్టిన ఎల్‌సీఏ 334. ఎన్నో ప్రైవేటు హైబ్రిడ్లు వచ్చినా ఆ ప్రభుత్వ రకం పేరు యార్డులో ఇంకా ధర పలుకుతోంది. మంచి రకాన్ని శాస్త్రవేత్త ఇస్తే రైతు దాన్ని దశాబ్దాల పాటు నిలబెట్టాడనడానికి ఇది రుజువు. ఇన్ని తేడాలు గుర్తుపట్టే మనిషి ఉల్లి మడి దగ్గరికి రాగానే అజ్ఞాని ఎలా అయిపోతాడు?

వరి చరిత్రలో ఇంతకంటే గట్టి ఉదాహరణ ఉంది. మలేసియా నుంచి వచ్చిన మసూరిని 1960ల చివర్లో మన దేశంలో పరీక్షించారు. చేను పడిపోతుందని పరీక్షించిన కమిటీ పక్కన పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో ఒక పొలం కూలీ ఆ ప్రయోగ మడుల్లోంచి పిడికెడు గింజలు పట్టుకెళ్లాడనీ, అక్కణ్ణించి చేతులు మారుతూ ఊళ్లకు ఊళ్లు పాకిందనీ వ్యవసాయ పరిశోధన గ్రంథాల్లో నమోదై ఉంది. కమిటీ వద్దన్న వరి దేశంలో ఎక్కువ విస్తీర్ణంలో పండే రకాల్లో చేరింది. బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి దాని రక్తమే. అన్నం రుచి, గింజ సన్నదనం, మిల్లులో నూక శాతం లాంటివి కమిటీ కొలతలో చిన్నవి, తినేవాడికీ అమ్మేవాడికీ పెద్దవి. కమిటీ చూడనిదాన్ని కూలీ చూశాడు. పరిశోధన అక్కర్లేదని దీని అర్థం కాదు. ఆ గింజల్ని ప్రయోగ మడిదాకా తెచ్చింది పరిశోధనే. వాటిలోంచి ఏరడానికి మాత్రం కమిటీ కళ్లొక్కటే చాలలేదు.

ఇక అసలు కొలబద్ద సంగతి. ఉల్లిలో ‘మెరుగైన దిగుబడి’ అన్నప్పుడు ఏ రోజు దిగుబడి? గడ్డ పీకి, కాడ కోసి, కాటా వేసిన రోజుదా? నాలుగు నెలల తర్వాత కొట్టులోంచి బయటికి తీసిన రోజుదా? వరికీ పత్తికీ ఈ ప్రశ్న ఇంత పదునుగా ఉండదు. ఉల్లికి ఇదే ప్రాణం. దేశంలో పండే ఉల్లిలో దాదాపు 70 శాతం రబీదే. సరిగ్గా ఆరబెట్టి గాలాడేలా నిలవ చేస్తే రబీ గడ్డ నాలుగైదు నెలలు ఆగుతుంది. ఖరీఫ్ గడ్డకి అంత ఆయుష్షు లేదు, నెలా నెలన్నర తిరిగేలోపు మొలకెత్తడమో కుళ్లడమో మొదలవుతుంది. పైగా ఒకే సీజన్ రకాల్లో కూడా నిలవలో తేడాలుంటాయి. మెడ సన్నగా మూసుకుపోయే రకం ఆగుతుంది. మెడ లావుగా ఉండే రకం, ఎంత బరువు తూగినా, ఆ మెడలోంచే చెడుతుంది.

ఊరికే లెక్క కోసం అనుకుందాం. ఒక రకం ఎకరానికి 100 క్వింటాళ్లు ఇస్తుంది, నిలవ ఉండదు. పీకిన వారంలోనే క్వింటా 900కి అమ్మితే 90,000 రూపాయలు. ఇంకో రకం 75 క్వింటాళ్లే ఇస్తుంది, నాలుగు నెలలు ఆగుతుంది. కుళ్లు, తరుగు కింద నాలుగో వంతు పోయినా 56 క్వింటాళ్లు మిగులుతాయి. అప్పటికి ధర 1,800 ఉంటే లక్ష దాటుతుంది. 1,500 దగ్గరే ఆగిందా, 84,000 మాత్రమే, మొదటి రకమే నయం. ఇందులో ఏది మేలు రకం? కొట్టం ఉండి అప్పు లేనివాడికి ఒకటి, విత్తనాల షాపులో ఖాతా తీర్చాల్సిన వాడికి ఇంకొకటి. రాజగురునగర్‌లో కూర్చుని దీనికి జవాబు చెప్పలేరు. గుంటూరులో కూర్చునీ చెప్పలేరు. ఆ కుటుంబం చేతిలో ఉన్న చోటు, గడువు, మనుషులు తెలిసినవాళ్లే చెప్పగలరు. విడుదల పత్రంలో హెక్టారుకి ఇన్ని టన్నులని ఒక్క అంకె వేసి, దాన్ని చూసి రకాన్ని ఎంచుకోమనడం సగం సమాచారం ఇచ్చి సంతకం పెట్టమనడమే.

దిగుబడే సర్వస్వమనే వాళ్లు కడప జిల్లా కృష్ణాపురం ఉల్లి గురించి ఏమంటారో వినాలనుంది. చిన్న గడ్డ, ముదురు రంగు, ఘాటు. మన వంటిళ్లలో దానికి ఆదరణ లేదు. టన్నుల పోటీలో ఆఖరి వరసలో నిలబడుతుంది. అయినా అక్కడి రైతులు దాన్నే పట్టుకుని ఉన్నారు. ఎందుకంటే ఆగ్నేయాసియా దేశాల్లో దానికి కొనేవాళ్లున్నారు. 2020 సెప్టెంబరులో కేంద్రం ఉల్లి ఎగుమతి మొత్తంగా ఆపేసింది. అక్టోబరులో బెంగళూరు రోజ్ ఉల్లికీ కృష్ణాపురం ఉల్లికీ మాత్రం చెరి 10,000 టన్నులు చెన్నై రేవు నుంచి పంపుకోవచ్చని సడలింపు ఇచ్చింది. దేశమంతా తలుపులు మూసినప్పుడు ఈ తక్కువ దిగుబడి రకానికి ఒక కిటికీ తెరుచుకుంది. అదే రకం, ఆ కిటికీ కూడా మూసుకుంటే ఊళ్లో కొనేవాడు లేక కుళ్లిపోతుంది. లాభమూ ప్రమాదమూ రెండూ రకంలోనే ఉన్నాయి. టన్నుల అంకె ఈ రెంటిలో ఏదీ చెప్పదు.

కర్నూలు సంగతి కూడా చూడండి. 2019 డిసెంబరులో అక్కడి మార్కెట్ యార్డులో ఉల్లి క్వింటా పదివేలు దాటింది. 2025 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో అదే యార్డులో ధర కూలిపోయి, మార్క్‌ఫెడ్ చేత క్వింటా 1,200కి కొనిపిస్తామని రాష్ట్ర ప్రభుత్వం ముందుకొచ్చింది, ఆ తర్వాత హెక్టారుకి 50,000 రూపాయల సాయం ప్రకటించింది. ఆ ఏడాది రైతుని ముంచింది దిగుబడి తక్కువ కావడం కాదు. వానల్లో పీకిన ఖరీఫ్ గడ్డ ఆగదు, ఆగనిదాన్ని ఆ వారంలోనే అమ్మాలి, అందరూ ఆ వారంలోనే తెచ్చారు. అలాంటి చోట ఎకరానికి ఇంకో 20 క్వింటాళ్లు ఎక్కువ పండించే రకం ఇచ్చి ఉంటే ఏం జరిగేది? యార్డులో కుప్ప ఇంకాస్త ఎత్తు పెరిగేది. మంచి రకంతో ధరల సమస్య తీరుతుందని నేను చెప్పడం లేదు. ఎగుమతి నిషేధాలూ సుంకాలూ ఢిల్లీలో తేలేవి, వాటి మీద రైతు చేయి లేదు. పదిహేను రోజులు ముందు కోతకొచ్చేదో, రెండు నెలలు ఎక్కువ ఆగేదో చేతిలో ఉంటే రైతుకి కాస్త ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. రకంతో కొనుక్కోగలిగింది అంతే, అదే చాలా ఎక్కువ.

నేల, నీరు, కాలం గురించి కూడా చెప్పాలి. ఎందుకంటే ‘దేశవ్యాప్తంగా పరీక్షించిన రకం’ అనే ముద్ర చూపి మన నోళ్లు మూయిస్తుంటారు. ఉల్లి గడ్డ ఊరడం పగటి పొద్దు నిడివి మీదా, వేడి మీదా ఆధారపడి ఉంటుంది. అందుకే ఖరీఫ్‌కి అగ్రిఫౌండ్ డార్క్ రెడ్, ఎన్-53, భీమా సూపర్, భీమా డార్క్ రెడ్ లాంటివి వేరు, రబీకి అగ్రిఫౌండ్ లైట్ రెడ్, భీమా శక్తి, భీమా కిరణ్ లాంటివి వేరు. సీజన్ తప్పి వేస్తే ఆకు పెరిగి గడ్డ ఊరదు, మెడలు లావెక్కుతాయి, లేదంటే పూత కాడలు లేస్తాయి, జంట గడ్డలు పడతాయి. భీమా కిరణ్ హెక్టారుకి 28 నుంచి 32 టన్నులు ఇస్తుందనీ, అయిదారు నెలలు నిలవ ఉంటుందనీ రాజగురునగర్ వాళ్లు చెబుతారు. అంటే ఎకరానికి 110 క్వింటాళ్ల పైమాటే. వాళ్ల మాట మీద నాకు అనుమానం లేదు. ఎత్తు మడులు, డ్రిప్పు, వేళకి తడి, వేళకి మందు ఉంటే అంత రావచ్చు. మా నల్లరేగడిలో, సాగర్ ఎడమ కాలవ చివరి భూముల్లో, నీళ్లొచ్చినప్పుడే పెట్టుకోవాల్సిన తడులతో, మార్చిలోనే మండే ఎండల్లో ఎంతొస్తుందో ఆ కాగితంలో లేదు. ఉండే వీలు కూడా లేదు.

ఖరీఫ్‌లోనైతే మరీ. 2023 జూలైలో మున్నేరు పొంగి నందిగామ పక్కనున్న ఐతవరం దగ్గర ఇదే రహదారి మునిగింది. 2024 సెప్టెంబరు ఒకటిన మళ్లీ మునిగింది, రాకపోకలు ఆగిపోయాయి. జూలైలో నాటిన ఉల్లి సెప్టెంబరు వచ్చేసరికి గడ్డ కట్టడానికి సిద్ధమవుతుంటుంది. రెండు రోజులు నీళ్లు నిలిచాక ఏ రకం వేరు బతికి తేరుకుంటుంది, ఏది ఆకుమచ్చ తెగులుతో పడుకుంటుంది? ప్రయోగ క్షేత్రంలో నీరు బయటికి తీసే కాలవలుంటాయి కాబట్టి అక్కడ ఆ ప్రశ్నే పుట్టదు. రైతు చేలో అదే మొదటి ప్రశ్న. డిసెంబరులో తుఫాను వస్తే రబీ నారుకి ఇదే గతి, 2023లో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోస్తా పొలాల గతి చూశాం.

అవతలి వాళ్ల చేతిలో ఒక గట్టి ఆయుధం ఉంది, దాన్ని దాచను. గ్లెన్ డేవిస్ స్టోన్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త వరంగల్ జిల్లాలో పత్తి రైతులు విత్తనం ఎలా ఎంచుకుంటున్నారో ఏళ్ల తరబడి గమనించి 2007లో ఒక వ్యాసం అచ్చువేశాడు. రైతులు పరీక్షించి ఎంచుకోవడం లేదు, ఒక ఏడాది ఊరంతా ఒక బ్రాండు మీద పడి, మరుసటి ఏడాది దాన్ని వదిలి ఇంకోదాని మీద పడుతున్నారు, తరాలుగా వచ్చిన నైపుణ్యం చేజారిపోతోంది అన్నది ఆయన చెప్పిన దాని సారం. ‘చూశారా, రైతు చేతికిస్తే ఇంతే’ అని దీన్ని చూపించేవాళ్లున్నారు. వాళ్లు వ్యాసాన్ని సగమే చదివారు. స్టోన్ వేలెత్తి చూపింది రైతు బుర్రని కాదు, బజారుని. ఏటా పేర్లు మారిపోతూ, ఒకే విత్తనం నాలుగు పేర్లతో, నాలుగు విత్తనాలు ఒకే పేరుతో వస్తుంటే ఎవరైనా ఏం నేర్చుకుంటారు? నిరుడు చూసినదాంతో ఈ ఏడుదాన్ని పోల్చాలంటే నిరుటిది ఈ ఏడు కూడా ఉండాలి కదా! షాపులో డీలరు చేయి చూపించిన డబ్బా కొనుక్కోవడాన్ని ‘రైతు ఎంపిక’ అనడం నాకు ఒప్పుదల కాదు. అప్పు మీద తెచ్చుకునేవాడికి ఆ పాటి ఎంపిక కూడా లేదు. వరంగల్ పాఠం రైతుని పక్కన పెట్టమని చెప్పదు. పోల్చి చూసుకునే వీలు కల్పించమని చెబుతుంది.

అలా వీలు కల్పించిన చోట ఏమైందో చూడ్డానికి అమెరికా దాకా పోనక్కర్లేదు, అనంతపురం చాలు. ఆ జిల్లా రైతులు 1940లలో వచ్చిన టీఎంవీ 2 వేరుశనగనే అర్ధ శతాబ్దం దాటినా వేస్తూ వచ్చారు. మధ్యలో వచ్చిన ‘మెరుగైన’ రకాలు అక్కడ నిలబడలేదు. రైతులు మొండివాళ్లన్నారు. 2000 తర్వాత ఇక్రిశాట్ వాళ్లు పద్ధతి మార్చారు. స్థానిక స్వచ్ఛంద సంస్థలతో కలిసి, కొన్ని రకాలని తెచ్చి రైతుల చేలల్లోనే, వానాధారంగా, టీఎంవీ 2 పక్కనే వేయించారు. మార్కులు రైతులు వేశారు. వాళ్లు ఏరింది ఐసీజీవీ 91114. బెట్టని ఓర్చుకోవడం, కాయ ఒక్కసారిగా పక్వానికి రావడంతో పాటు ఇంకొకటి చూశారు: ఆ కట్టె పశువులు ఇష్టంగా తింటాయి. అనంతపురంలో కరువు ఏట కాయ పోయినా కట్టె మిగిలితే పాడి బతుకుతుంది. కాయ బరువు మాత్రమే తూచే పరీక్షలో ఈ గుణానికి మార్కు ఎక్కడ పడుతుంది? అరవై ఏళ్ల ‘మొండితనం’ రైతు పొలంలో రైతు మార్కులేసిన కొన్ని సీజన్లలో కరగడం మొదలైంది.

ఇందులో ఉన్న పద్ధతి బ్రహ్మవిద్య కాదు. ఆఫ్రికాలో మలావీ రైతులతో 1990లలో రూపుదిద్దుకున్న తల్లి మడి, పిల్ల మడుల పద్ధతి ఒకటుంది. ఊరికొక తల్లి మడిలో అన్ని రకాలూ వేస్తారు, శాస్త్రవేత్త కొలతలు తీసుకుంటాడు. ఒక్కో రైతు తన చేలో వాటిలో రెండో మూడో రకాలు తన అలవాటు ప్రకారమే సాగుచేస్తాడు. అన్ని పిల్ల మడుల మాటా కలిపితే ఆ ఊరికేది పనికొస్తుందో తేలుతుంది. ఉల్లికి ఇది అతికినట్టు సరిపోతుంది.

‘సన్నకారు రైతుకి ప్రయోగాలు చేసే తాహతెక్కడిది?’ అని జాలిపడేవాళ్లు ఇంకో రకం. ఈ జాలి నాకు కోపం తెప్పిస్తుంది. ఊరూ పేరూ తెలియని విత్తనాన్ని అప్పు చేసి తెచ్చి ఎకరమంతా వేసేవాడు చేస్తున్నది ప్రయోగం కాక మరేమిటి? అతని ప్రయోగం ఎకరం సైజులో, మొత్తం ఖర్చూ తనదే అయి, పక్కన పోల్చుకోడానికి ఇంకోటి లేకుండా నడుస్తోంది. దాన్ని రెండు సెంట్లకి కుదించమంటున్నాం. ఎకరానికి నారు పోయడానికి నాలుగు కిలోల లోపు విత్తనం పడుతుంది. రెండు సెంట్లకి 80 గ్రాములు. అయిదు రకాలు చూడాలన్నా 400 గ్రాములు. ఒక అవగాహన సదస్సుకి వేసే షామియానా అద్దెతో ఒక మండలానికి సరిపడా ప్యాకెట్లు వస్తాయేమో ఎవరైనా లెక్కేసి చూడండి.

ఆ మడుల దగ్గరికి ఎవర్ని పిలుస్తారన్నది ఇంకో పేచీ. సభలకి పట్టాదారుని పిలుస్తారు. ఉల్లిలో నారు పీకి నాటేదీ, కలుపు తీసేదీ, గడ్డ తవ్వి కాడ కోసేదీ, పెద్దవీ చిన్నవీ జంటవీ వేరుచేసేదీ ఎక్కువగా ఆడవాళ్లు. ఏ రకానికి కాడ తేలిగ్గా తెగుతుంది, దేనికి పొర ఊడిపోతుంది, ఏ కుప్పలో జంట గడ్డలెక్కువ, ఏది నిలవలో ముందు వాసనేస్తుంది అన్నవి వాళ్ల చేతులకి తెలుసు. వాళ్లని అడక్కుండా తయారుచేసిన మార్కుల పట్టిక సగం ఖాళీ పట్టికే. కౌలుదారు సంగతి సరే సరి. ఈ మెట్టలో సాగు చాలావరకు కౌలు మీదే నడుస్తున్నా, కాగితం లేదన్న సాకుతో ప్రదర్శనా క్షేత్రాల జాబితాలో అతని పేరు ఎక్కదు.

రెండో వైపు నుంచి కూడా ఒక గొంతు వినిపిస్తుంది: కంపెనీ విత్తనాలూ వద్దు, సర్కారు రకాలూ వద్దు, నాటు విత్తనమే శరణ్యం అని. నాటు గడ్డ గెలిచే చోట గెలవనివ్వండి. దాన్ని కూడా ఆ అయిదు మడుల్లో ఒకటిగా వేయండి. పూజించడం వల్ల ఏ రకమూ దిగుబడి ఇవ్వదు.

విత్తనం ఎక్కణ్ణించి వస్తుందన్నది మాత్రం నిజంగా చిక్కు ప్రశ్న, వాదంలో గెలిచినంత మాత్రాన అది తీరదు. ఉల్లి విత్తనం వరి విత్తనం లాంటిది కాదు. ఒక ఏడు గడ్డ, మరుసటి ఏడు ఆ గడ్డ నాటితే పూత కాడ, దాంట్లో గింజ. కాడ రావడానికి చలి కావాలి, మా వైపు చలి నమ్ముకోదగ్గంత ఉండదు. తేనెటీగలు పుప్పొడి మోసే పంట కాబట్టి పక్కన ఇంకో రకం ఉంటే కలిసిపోతుంది, అరకిలోమీటరు పైగా ఎడం కావాలి. వచ్చిన గింజ కూడా మామూలు నిలవలో ఏడాది దాటితే మొలక పడిపోతుంది. ధ్రువీకరణ ప్రమాణం ప్రకారం మొలక శాతం కనీసం 70 ఉండాలి. పాత స్టాకు కొత్త ప్యాకెట్టులో వస్తే నష్టమంతా నారుమడిలోనే తేలుతుంది. 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం రైతుకి విత్తనం దాచుకునే, మార్చుకునే, బ్రాండు పేరు లేకుండా అమ్ముకునే హక్కు ఇచ్చింది. ఉల్లిలో ఆ హక్కు వాడుకోవడానికి వాతావరణం అన్ని చోట్లా సహకరించదు. కాబట్టి రైతులు రకం తేల్చుకున్నాక, రైతు ఉత్పత్తిదారుల సంఘం ద్వారా ఫలానా రకం, ఫలానా ఏడు పండిన విత్తనం, ఇన్ని కిలోలని ముందే చెప్పి చలి ఉన్న చోట పండించుకుని తెప్పించుకోవాలి. అదే 65వ నంబరు రోడ్డు మీద విత్తన గడ్డలూ విత్తనమూ కూడా ప్రయాణం చేయగలవు. ఏం కావాలో తేల్చుకోని వాడికి మాత్రం ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటగడతారు, ఇప్పుడు జరుగుతున్నది అదే.

కృషి విజ్ఞాన కేంద్రాల పనుల జాబితాలో రైతు పొలంలో పరీక్షలు మొదటి నుంచీ ఉన్నాయి, కొత్తగా జీవో అక్కర్లేదు. తేల్చేసిన రకాన్ని చూపించి చప్పట్లు కొట్టించే ప్రదర్శనలు కాస్త తగ్గించి, తేల్చని రకాల్ని రైతు చేత తేల్పించే పరీక్షలు పెంచితే చాలు. జగ్గయ్యపేట, నందిగామ, కంచికచర్ల మండలాల్లో ఊరికి పదిమంది చొప్పున, అందులో కౌలుదారులూ ఆడవాళ్లూ తప్పనిసరిగా ఉండేలా, ఈ రబీకే మొదలుపెట్టవచ్చు. పీకిన రోజు తూకం ఒక్కటే రాసుకుని వెళ్లిపోకండి. రెండు నెలల తర్వాత ఒకసారి, నాలుగు నెలల తర్వాత ఇంకోసారి వచ్చి ఎంత మిగిలింది, ఎంతకి అమ్ముడైంది అని కూడా రాయండి. ఆ పట్టికని రైతు సేవా కేంద్రం గోడకి అంటించండి, ఫెయిలైన రకాల పేర్లతో సహా.

ఉల్లి వేసే రైతులకి నా విన్నపం ఒకటే. నారు పోసే లోపు మీ ఊరి రైతు సేవా కేంద్రానికి వెళ్లి, అవగాహన మాకొద్దు, అయిదు రకాల విత్తనం ఎనభయ్యేసి గ్రాములు ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే, వచ్చే సదస్సులో ‘రైతుకి రకాలు తెలియవు’ అని ఎవరన్నా మొదలుపెట్టగానే లేచి నిలబడి ఆ కాగితం చదవండి.